సిస్టర్‌కు ఓర్పు ఒక్కటే చాలదు

వార్షికోత్సవ సంచిక అనగానే చదువు విలువ గురించి, క్రమశిక్షణ గురించి వ్యాసాలు రావడం మామూలే. మన హాస్టల్లో ఉంటూ నర్సింగ్ చదువుతున్న మేము ఈసారి మా సంగతి రాయాలనుకున్నాం. ఎవరిని కదిపినా మాకు చెప్పే మాట ఒక్కటే: "నర్సు అంటే ఓర్పు ఉండాలమ్మా!" ఉండాలి, కాదనం. కానీ ఆ ఓర్పు పేరు చెప్పి మా నోరు మూయించడం న్యాయం కాదని మా అభిప్రాయం.

రోగి బాధను రోగి వైపు నుంచి అర్థం చేసుకోవడాన్ని సహానుభూతి అంటారు. జాలిపడటం వేరు, ఇది వేరు. ఈ విషయంలో మేము ఎవరికీ తీసిపోమని ధైర్యంగా చెప్పగలం. పల్లె నుంచి వచ్చిన ముసలమ్మ "సలుపుగా ఉంది బిడ్డా" అంటే ఒక అర్థం, "పోటు వస్తోంది" అంటే ఇంకొక అర్థం. కాళ్ళు పీకడం వేరు, కడుపులో దేవడం వేరు. ఇంగ్లీషు రికార్డులో సలుపూ, పోటూ, పీకుడూ అన్నీ 'పెయిన్' అయి కూర్చుంటాయి. ఆ తేడాలు మాకు పుస్తకం చెప్పలేదు, మా అమ్మమ్మలు చెప్పారు. ఒకే గదిలో పడుకుని, జ్వరమొచ్చిన చెల్లెలికి చారన్నం కలిపి పెట్టిన హాస్టల్ బతుకు కూడా చెప్పింది. అయినా తెలుగు మీడియం నుంచి వచ్చి కేర్ ప్లాన్ ఇంగ్లీషులో రాయలేక తడబడితే, వెనుకబడిన పిల్లలని ముద్ర పడుతుంది. రోగితో మాట్లాడటం వచ్చిన అమ్మాయి క్లాసులో తలవంచుకుని కూర్చుంటుంది. ఇదేం విడ్డూరమో!

భావోద్వేగ ప్రజ్ఞ అనే మాట ఈమధ్య సెమినార్లలో బాగా వినిపిస్తోంది. పీటర్ సాలొవే, జాన్ మేయర్ అనే పరిశోధకులు 1990లో దీన్ని వివరించారు. 1995లో డేనియల్ గోల్‌మన్ పుస్తకంతో లోకమంతా తెలిసింది. గోల్‌మన్ చెప్పిన దానిలో మొదటి మెట్టు, తన మనసులో ఏం జరుగుతోందో తాను గుర్తించడం. మాకు అందే సలహా మాత్రం దీనికి పూర్తిగా తలకిందులు: నీ సంగతి పక్కన పెట్టు, పేషెంటును చూడు.

వార్డులో రోగి చనిపోతే దేహాన్ని శుభ్రం చేసి, కాళ్ళూ చేతులూ సరిచేసి, గుడ్డ కప్పి బంధువులకు అప్పగించడం మా చదువులో భాగం. ఏది ముందు చేయాలో, ఏది తర్వాతో పుస్తకంలో వరుసగా ఉంది. కానీ పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ళ పిల్ల ఆ పని మొదటిసారి చేసి హాస్టల్‌కు వచ్చాక, ఆ పూట అన్నం ఎలా తినాలో ఎక్కడా రాసిలేదు. మర్నాడు మళ్ళీ డ్యూటీ, మళ్ళీ నవ్వు ముఖం. పైగా ఆ వారమే రికార్డులు పూర్తిచేసి ఇవ్వాలి. ఫీజు రీయింబర్స్‌మెంట్ రాకపోతే ఆఫీసు గదిలో జవాబు చెప్పుకోవలసిందీ మేమే. ఇన్ని మోస్తున్న పిల్ల ఒకరోజు రోగి మీద విసుక్కుంటే "దీనికి దయ లేదు" అంటారు. దయ లేకపోవడం కాదు, నిద్ర లేకపోవడం!

కాలేజీలూ ఆసుపత్రులూ ఎప్పుడు మారతాయో గానీ, మన హాస్టల్లో మారగలిగినవి కొన్ని ఉన్నాయి. డ్యూటీ నుంచి ఆలస్యంగా వచ్చేవారికి మెస్సులో అన్నం తీసి ఉంచాలి. నైట్ డ్యూటీ చేసి వచ్చినవారు పగలు పడుకోవడానికి చివరి గది కేటాయించాలి. వార్డెన్ మేడం గారు ఈ రెండూ ఆలోచించాలని మనవి. మనసు మరీ బరువెక్కినప్పుడు 14416 నంబరుకు ఫోన్ చేయవచ్చని నోటీసు బోర్డు మీద రాయించాలి. 2022లో మొదలైన ఈ టెలి మానస్ సేవలో రాత్రయినా పగలైనా తెలుగులో మాట్లాడవచ్చు, డబ్బులు కట్టనక్కరలేదు.

ఇక మా అక్కలకు ఒక మాట. ఇక్కడే చదివి నేడు స్టాఫ్ నర్సులుగా పనిచేస్తున్నవారు మీలో ఉన్నారు. వార్షికోత్సవానికి వచ్చినప్పుడు వేదికెక్కి మాకు ఓర్పు గురించి చెప్పకండి. మొదటి ఏడాది మీరు ఎక్కడ ఏడ్చారో, ఎవరు ఓదార్చారో చెప్పండి. నెలకొక ఆదివారం ఒక్కరు వచ్చినా చాలు. సాయంత్రం నాలుగు దాటాక వస్తే డ్యూటీ లేనివాళ్ళమంతా ఉంటాం. టీ మేమే పెడతాం.