ఎస్‌ప్రెసో మెషిన్ తర్వాత.. ముందు గ్రైండర్ సంగతి చూడండి!

మా బాబాయ్ కొడుకుకి మొన్నే మొదటి జీతం వచ్చింది. విజయవాడలో ఇంట్లోంచే పని. సాయంత్రం ఫోన్ చేసి, "అన్నయ్యా, చేత్తో నొక్కే ఎస్‌ప్రెసో మెషిన్ ఒకటి కొంటున్నా. లింక్ పంపా, చూడు" అన్నాడు. చూశా. మెషిన్ బాగానే ఉంది.

"మరి గ్రైండరో?" అనడిగా.

"ఇంట్లో మిక్సీ ఉందిగా!" అన్నాడు.

మూడేళ్ల కిందట నేనూ అచ్చంగా ఇదే మాటన్నా. అందుకే ఈ వారం ఈ కబుర్లు.

అప్పట్లో కూకట్‌పల్లిలో ముగ్గురం ఓ ఫ్లాట్‌లో ఉండేవాళ్లం. నాలుగు నెలలు డబ్బు దాచి మెషిన్ కొన్నా. సందు చివరి కొట్లో ఫిల్టర్ కాఫీకి ఆడించిన పొడి, చికోరీ లేనిది, తెచ్చా. పొడి వేసి, మరిగిన నీళ్లు పోసి, పిడి నొక్కా. బరువే లేదు! ఎనిమిది సెకన్లలో మొత్తం జారిపోయింది. కప్పులో ఉన్నది ఎస్‌ప్రెసో కాదు, గోధుమరంగు నీళ్లు. మర్నాడు గింజలు తెచ్చి మిక్సీలో తిప్పా. ఒకసారి పిడి కదల్లేదు, ఇంకోసారి పక్కనుంచి చిమ్మింది. పావుకిలో అరకు గింజలు సింకు పాలయ్యాయి. మెషిన్‌లోనే లోపమని వాపసు పెట్టబోయా. తప్పు దానిది కాదని తెలిసింది తర్వాతే.

అసలు కిటుకు ఇదీ. ఎస్‌ప్రెసోకి సుమారు 9 బార్ల ఒత్తిడి కావాలంటారు. కరెంటు మెషిన్‌లో ఆ పని మోటారు చేస్తుంది. చేతి మెషిన్‌లో మన చెయ్యి చేస్తుంది. అయితే చెయ్యి తోసేటప్పుడు అడ్డుపడే గోడ ఒకటి ఉండాలి కదా? ఆ గోడే కాఫీ పొడి. పంక్చరైన ట్యూబ్‌కి ఎంత గాలి కొట్టినా నిలవదు. పొడి బరకగా ఉంటే మీరెంత నొక్కినా అంతే! మిక్సీతో ఇంకో చిక్కు. దాని బ్లేడు గింజని నలగ్గొట్టదు, ముక్కలు చేస్తుంది. అందుకే కొంత దుమ్ము, కొంత రవ్వ. దుమ్ము దారిని మూసేస్తుంది, రవ్వ మధ్యనుంచి నీళ్లు జారిపోతాయి.

'చేత్తో చేసేది నిజమైన ఎస్‌ప్రెసోనేనా?' అని కొందరికి డౌటు. నిస్సందేహంగా నిజమైనదే. 1948లో మిలాన్‌లో అకిల్లె గాజ్జా మార్కెట్‌లోకి తెచ్చిన మెషిన్ కూడా చేత్తో పిడి లాగేదే. పైన నురుగులా తేలే ఆ 'క్రెమా' జనానికి పరిచయమైంది దానితోనే.

సరే, ఏ చేతి గ్రైండర్ కొనాలి? ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. గ్రైండర్ తిప్పుడు చక్రంలో ఒక్కో క్లిక్‌కి పొడి ఎంత మారుతుందో చూడండి. మన తల వెంట్రుక మందం అటూఇటూగా 70 మైక్రాన్లు. కొన్ని చవక గ్రైండర్లు ఒక్క క్లిక్‌కే దాదాపు అంత దూరం దూకుతాయి. ఫ్రెంచ్ ప్రెస్‌కి ఓకే. ఎస్‌ప్రెసోకి మాత్రం ఒక క్లిక్‌లో నీళ్లు కారిపోతాయి, పక్క క్లిక్‌లో పిడి బిగుసుకుపోతుంది. మనకి కావాల్సింది ఆ రెంటికీ మధ్యలో ఉండిపోతుంది. కింగ్‌రైండర్ కె6లో ఒక్కో క్లిక్ 16 మైక్రాన్లు. వన్‌జీప్రెసో జె-మ్యాక్స్‌లో 8.8. ఈ కోవలోవైతే మెషిన్‌తో జత కుదురుతుంది. 20కి దిగువన ఉంటే నిశ్చింత.

ఇంకో లెక్క కూడా సరిపోవాలి. పికోప్రెసో లాంటి మెషిన్ బుట్టలో 18 గ్రాముల పొడి పడుతుంది. గ్రైండర్‌లో ఒక్కసారికి అన్ని గింజలు పట్టాలి. లేదంటే పొద్దున్నే రెండు విడతలు తిప్పుకోవాలి. వారం తర్వాత విసుగొచ్చి అటక ఎక్కించేస్తారు!

రెండూ చేతికొచ్చాక మొదటిరోజు ఇలా చెయ్యండి. 0.1 గ్రాము చూపించే చిన్న కాటా తీసుకోండి. 18 గ్రాముల పొడి, కప్పులో 36 గ్రాముల కాఫీ, 25 నుంచి 35 సెకన్లు. ఇదే గురి. పది సెకన్లలోనే కారిపోతే రెండు క్లిక్‌లు సన్నగా తిప్పండి. పిడి కదలకపోతే బలవంతం వద్దు. ఒత్తిడి మీదున్నప్పుడు విప్పారంటే వేడినీళ్లు మొహాన కొడతాయి. కాసేపు ఆగి, ఒత్తిడి దిగాక తీసి, ఒకట్రెండు క్లిక్‌లు బరకగా పెట్టుకోండి. పుల్లగా ఉంటే ఇంకాస్త సన్నగా, మరీ చేదైతే కాస్త బరకగా. ఒకసారికి ఒక్కటే మార్చండి. పొడి బరువూ, క్లిక్కూ కలిపి మార్చారంటే ఏది పనిచేసిందో తెలీదు.

గింజల ప్యాకెట్ మీద వేయించిన తేదీ తప్పనిసరిగా చూడండి. వారం, పది రోజుల కిందట వేయించినవైతే మంచిది. కొత్తలో కాస్త ముదురుగా వేయించినవే తీసుకోండి. లేతగా వేయించిన గింజ గట్టిగా ఉంటుంది, తిప్పేసరికి చెయ్యి లాగేస్తుంది. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన మన అరకు అరబికా ఉండగా వెతుకులాట ఎందుకు?

ఇక డబ్బు మాట. నా లెక్కలో పది రూపాయలుంటే ఆరు గ్రైండర్‌కి, నాలుగు మెషిన్‌కి. రెండూ ఒకేసారి కొనలేకపోతే గ్రైండర్ ముందు కొనండి. మెషిన్ ఒక్కటే ఉంటే అది షోకేసు బొమ్మ. గ్రైండర్ ఒక్కటే ఉన్నా ఇంట్లో స్టీలు ఫిల్టర్‌తో రేపట్నుంచే మంచి కాఫీ తాగొచ్చు. క్లిక్‌లు కొంచెం బరకవైపు తిప్పితే చాలు.

మావాడికీ ఇదే చెప్పా. కాస్త ముఖం మాడ్చుకున్నా విన్నాడు. మెషిన్‌ని రెండు నెలలు వాయిదా వేసి గ్రైండర్ తెప్పించాడు. నిన్న పిన్ని ఫోన్ చేసింది. "ఏంట్రా, వీడు పొద్దున్నే అదేదో తిప్పుతూ కూర్చుంటున్నాడు?" అని మొదలుపెట్టి, ఆఖర్న మాత్రం, "డికాక్షన్ బావుందిలే. మెషిన్ అక్కర్లేదని చెప్పు" అంది.

ఆ ఒక్క మాటా నేనింకా వాడికి చెప్పలేదు!