నైరుతి బావి

తెనాలి దగ్గర పల్లెలో మాకొక పెంకుటిల్లు ఉంది. మా తాతగారు కట్టించింది. 1999 నుంచి తాళం వేసే ఉంది. గత రెండేళ్లుగా నేనూ, నా సహచరీ శని, ఆదివారాలు విజయవాడ నుంచి వెళ్లి దాన్ని బాగుచేసుకుంటున్నాం. "ఆ డబ్బు పెట్టి సిటీలో ఫ్లాటు కొనుక్కోవచ్చుగా, ఆ కొంపకి ఎందుకు తగలేస్తున్నారు?" అని అడిగినవాళ్లు చాలామంది. అడిగిన ప్రతివాళ్లకీ చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నాను.

ఆ ఇల్లు కూలిపోయి మూతపడలేదు. వాస్తు వల్ల మూతపడింది.

1998లో మా నాన్న గుండెపోటుతో పోయారు. అప్పటికి ఆయనకి 51 ఏళ్లు. నోట్లో చుట్ట లేకుండా ఆయన్ని చూసిన గుర్తు నాకు లేదు. రక్తపోటు ఉందని డాక్టరు చెప్పాడు. మాత్రలు గుర్తొచ్చిన రోజు వేసుకునేవారు, లేనిరోజు లేదు. పెద్దకర్మ అయ్యాక బంధువు ఒకాయన వాస్తు పండితుణ్ణి వెంటబెట్టుకొచ్చాడు. ఆయనకి చుట్టలూ అక్కర్లేదు, రక్తపోటూ అక్కర్లేదు. దిక్సూచి పట్టుకుని దొడ్డంతా తిరిగి, నైరుతి మూల బావి దగ్గర ఆగి, "యజమానిని మింగింది ఇదే" అన్నాడు. అక్కడితో ఊరుకున్నా బాగుండేది. "నైరుతిలో బావి తవ్వించింది ఎవరు?" అని అడిగాడు. అందరూ మా అమ్మ వైపు చూశారు.

తవ్వించింది అమ్మే. మొదట అందరిలాగే ఈశాన్యంలో తవ్విస్తే ఉప్పునీళ్లు పడ్డాయట. కృష్ణా డెల్టాలో ఇది మామూలే. భూమి కింద పాత ఏటిపాయల ఇసుక పొర ఉన్నచోట మంచినీళ్లు పడతాయి, పది గజాల అవతల నోట పెట్టుకోలేని నీళ్లు పడతాయి. నీళ్లకి దిక్కులు తెలియవు. పక్కింటివాళ్ల బావి తియ్యగా ఉండటం చూసి, అమ్మ పట్టుబట్టి ఆ వైపు తవ్వించింది. ఊళ్లో సగంమంది ఆ నీళ్లే పట్టుకెళ్లేవారు. తాగినవాళ్లలో ఒక్కరూ ఆరోజు నోరు విప్పలేదు. నేనూ విప్పలేదు. అప్పటికి నేను డిగ్రీ చదువుతున్నాను, ఫిజిక్సు పాఠంలో అయస్కాంతాలు చదివినవాణ్ణే.

ఇల్లు మూసేసి తెనాలిలో అద్దెకి దిగాం. ఇరవై ఏళ్లకి పైగా అమ్మ ఆ బావి మాట ఎత్తలేదు. మర్చిపోయిందనుకున్నాను. ఒకరోజు రాత్రి కూరగాయలు తరుగుతూ నా సహచరితో అన్నదట: "మీ మామయ్యని నేనే చంపుకున్నానమ్మా." ఆ వారమే మేం తాళం తీశాం.

లోపల ఏముందో చెబుతాను. వాసాలకి చెదలు, నేలంతా గబ్బిలాల రెట్ట, వెనకగోడలో మనిషెత్తు రావిమొక్క, నైరుతి మూల గోడకి చెయ్యి పట్టేంత బీట. "చూశారా, దోషం ఉన్న మూలే పగిలింది" అన్నారు ఊళ్లోవాళ్లు. రావిని కొట్టడానికి కూలీలు ఒప్పుకోలేదు. పక్షి రెట్టలో పడ్డ విత్తనం అది, దేవుడు నాటింది కాదు. నా సహచరే రంపం తీసుకుని కోసింది.

ఇక బీట సంగతి. పగులు మీద అడ్డంగా సన్నటి అద్దం ముక్క అతికించి, పక్కన పెన్సిలుతో తేదీ రాశాం. గోడ కదులుతుంటే అద్దం పగులుతుంది, కదలకపోతే పగలదు. వానాకాలం మొదలైన మూడోవారానికి పగిలింది. గొడుగు వేసుకుని వానలో నిలబడి చూస్తే, చూరు నీళ్లన్నీ ఆ మూలే పునాదిలోకి దిగుతున్నాయి. నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. ఇన్నేళ్లుగా ఆ మూల లేస్తూ, దిగుతూ ఉంది. నీళ్లు దూరంగా పోయేలా కాలువ తీసి మళ్లీ అద్దం అతికించాం. ఆ అద్దం ఇప్పటికీ పగల్లేదు. శాంతిపూజకి మేం పెట్టిన ఖర్చు రెండు పైపులు, ఒక రోజు కూలీ.

నేలంటే గుర్తొచ్చింది. తెల్లనేల బ్రాహ్మణులకి, ఎర్రనేల క్షత్రియులకి, పసుపునేల వైశ్యులకి, నల్లనేల శూద్రులకి అని పాత వాస్తు గ్రంథాలు పంచిపెట్టాయి. ఈ లెక్కన మా డెల్టాలో ఎవరెవరు ఖాళీ చెయ్యాలో మీరే చెప్పండి. ఇప్పటి పండితులు ఈ భాగం ఎందుకు చెప్పరు? శాస్త్రమైతే అంతా చెప్పాలి కదా.

ఇక్కడ నా తప్పు కూడా ఒకటి ఒప్పుకోవాలి. గోడల పూత దగ్గర డెబ్బై దాటిన తాపీమేస్త్రి "గానుగ సున్నమే వెయ్యాలి బాబూ" అన్నాడు. ఇదీ పాత చాదస్తమే అనుకుని సిమెంటు వెయ్యమన్నాను. ఆయన వాదించలేదు. "ఒక గోడకి సిమెంటు, ఒక గోడకి సున్నం వేస్తా, వానలయ్యాక చూసుకోండి" అన్నాడు. చూశాం. సిమెంటు పూత ఉబ్బి, పెచ్చులుగా రాలింది. సున్నపు గోడ శుభ్రంగా ఉంది. పాత ఇటుక గోడలోకి కిందనుంచి చెమ్మ ఎక్కుతుంది. సున్నం దాన్ని బయటికి పోనిస్తుంది, సిమెంటు లోపలే బంధిస్తుంది.

మేస్త్రి బడికెళ్లింది మూడో తరగతి దాకానే. కానీ ఆయన తన మాటని పరీక్షకి పెట్టాడు, ఓడిపోవడానికి సిద్ధపడ్డాడు. పండితుడు ఎప్పుడైనా అలా సిద్ధపడ్డాడా? మా ఎదురింటికి అన్నీ వాస్తు ప్రకారమే ఉన్నాయి, ఆ ఇంటి పెద్ద యాభై లోపే పోయాడు. అడిగితే "జాతకం" అంటారు. హేతువాదులమంటే పాతవన్నీ తిట్టేవాళ్లమని కొందరి అపోహ. పాతదని నమ్మం, పాతదని తోసెయ్యం. పరీక్షిస్తాం, అంతే. ఆ సూత్రాన్ని నాకు గుర్తుచేసింది మేస్త్రి.

వాస్తు పల్లెల జబ్బే కాదు. తెలంగాణ సచివాలయానికి వాస్తు బాగాలేదని 2015లో నాటి ముఖ్యమంత్రే బహిరంగంగా అన్నారు. 2020లో పాత భవనాలు కూల్చారు. కూల్చడానికి ప్రభుత్వం వేరే కారణాలు కూడా చెప్పింది. 2023 ఏప్రిల్ 30న కొత్తది ప్రారంభించారు. అదే ఏడాది డిసెంబరులో ఆ ప్రభుత్వం ఓడిపోయింది. దీన్ని నేను వాస్తుకి వ్యతిరేకంగా రుజువుగా వాడుకోను. ఓట్లు వేసేది మూలలు కాదు, మనుషులు. కానీ శాస్త్రీయ దృక్పథాన్ని పెంపొందించుకోవడం పౌరుల ప్రాథమిక విధి అని 51ఎ(హెచ్) అధికరణ చెబుతోంది. పౌరులకి ఉన్న విధి పాలకులకి లేదా?

మిత్రుల్లోనే కొందరు అన్నారు: "మీ అమ్మగారి తృప్తి కోసం ఆ బావి పూడ్చెయ్యకూడదా? నాలుగు ట్రాక్టర్ల మట్టి. ఎవరికేం నష్టం?" ఈ మాట నన్ను చాలా రోజులు ఇబ్బంది పెట్టింది. చివరికి నాకు అర్థమైంది ఇది. బావి పూడిస్తే అమ్మకి శాంతి రాదు, శిక్ష ఖరారవుతుంది. "అవును, ఇదే చంపింది, తవ్వించింది నువ్వే" అని కన్నకొడుకు కూడా సంతకం పెట్టినట్టవుతుంది. వాస్తు వల్ల హాని లేదనేవాళ్లు డబ్బు నష్టం ఒక్కటే లెక్కేస్తారు. చావుకి కారణం వెతికేటప్పుడు అది వేలెత్తి చూపించేది ఎప్పుడూ బతికున్నవాళ్లనే. ఎక్కువగా ఆడవాళ్లనే.

నేనేమీ అతీతుణ్ణి కాదు. ఒక ఆదివారం నా సహచరి నాచు మీద కాలు జారి, ఆ నైరుతి మూలే నిచ్చెన మీంచి పడింది. చెయ్యి విరిగింది. ఆమెను లేపేలోపు నా చూపు ఒక్కసారి బావి వైపు పోయింది. చిన్నప్పుడు పడ్డ విత్తనం కదా, రావిమొక్క లాంటిదే. కోసినా వేరు మిగులుతుంది, మళ్లీ మళ్లీ చూసుకుంటూ ఉండాలి.

పోయిన సంక్రాంతికి అమ్మని తీసుకెళ్లాం. అంతకుముందే బావిలో పూడిక తీయించాం, నీళ్లు పరీక్ష చేయించాం. రాహుకాలం పోయేదాకా అమ్మ కారు దిగలేదు. నేనేమీ అనలేదు. దిగాక తిన్నగా బావి దగ్గరికెళ్లి, తనే చేద వేసి తోడి, దోసిట్లో పోసుకుని తాగింది.

"ఇంకా తియ్యగానే ఉన్నాయిరా" అంది.

అమ్మ మారిపోయిందని నేను చెప్పను. ఇంటికొచ్చాక మాత్రం నన్నొకటి అడిగింది: "మీ నాన్న ఆ చుట్టలు మానుంటే బతికేవాళ్లంటావా?"

ఇరవై ఏళ్లకి పైగా ఆలస్యంగానైనా, అడగాల్సిన ప్రశ్న అది. ఫ్లాటు కొనుక్కోమని సలహా ఇచ్చినవాళ్లకి నా జవాబు కూడా అదే.