ఇంటిపట్టున: హెల్మెట్టుకు రంగులు

తిరుపత్తూరు నుండి వాణియంబాడి దాటి ఆంబూరు చెప్పుల ఫ్యాక్టరీలకు మోటారుసైకిళ్లమీద పనికి పోయివచ్చే మన పిల్లలను చూస్తున్నాము. హెల్మెట్టు తలమీద కంటె పెట్రోలు ట్యాంకుమీదనే ఎక్కువగా ప్రయాణము చేస్తున్నది. మద్రాసు హైకోర్టు ఆజ్ఞ మేరకు 2015 జూలై 1 నుండి తమిళనాడులో నడిపేవారికే గాక వెనుక కూర్చున్నవారికి కూడా అది తప్పనిసరి. ఐనా పోలీసువారు కనబడితే తలకెక్కుతుంది, మలుపు తిరగగానే దిగుతుంది. ఏమిరా అంటే, "నల్లచట్టి బోర్లించినట్టు ఉంటుందమ్మా!" అంటారు.

ఆ చట్టిమీద ఇంట్లో అక్కో చెల్లెలో నాలుగు తీగలు, రెండు నెమళ్లు వేసి ఇస్తే కుర్రవాడు అంత సులభముగా దానిని తీయడని మా నమ్మకము. వాకిట ముగ్గు తీర్చే చేతికి గుండ్రని హెల్మెట్టు ఒక లెక్కా?

అయితే ఒక్క చోట మాత్రము జాగ్రత్త కావలెను. పెయింటు కొట్టులో అడిగితే బండ్లకు వేసే రంగూ, అందులో కలిపే థిన్నరూ చేతికిస్తారు. అవి వద్దు. చవుక హెల్మెట్ల పైడొల్ల చాలావరకు ప్లాస్టికే. థిన్నరు, పెట్రోలు తగిలితే కంటికి కనబడని బీటలు వారుతుంది. లోపల ఉన్నది థర్మకోలు వంటి మెత్త. దెబ్బ తగిలినప్పుడు తాను నలిగి తలను కాపాడేది అదే. ఒక థర్మకోలు ముక్కమీద చుక్క థిన్నరు వేసి పిల్లలకు చూపండి, ఎట్లా కరిగి గుంటపడుతుందో! డబ్బాతో చిమ్మే స్ప్రే రంగులలో కూడా సాధారణముగా ఇటువంటి ద్రావకములే ఉంటాయి. బొమ్మలు వేసేవారు వాడే, నీటితో కలిపే అక్రిలిక్ రంగులే మేలు. కొన్ని కంపెనీలు అసలు రంగే వేయవద్దని హెల్మెట్టుతో ఇచ్చే కాగితములో వ్రాస్తాయి. అట్లా ఉంటే ఆ మాట వినవలసినదే.

పని పెద్దది కాదు. ముందటి అద్దము విప్పి, సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టండి. సన్నని గరుకు కాగితము (మన వైపు ఉప్పుకాగితమంటాము) తడిపి, మెరుపు పోయేవరకే మెల్లగా రుద్దండి. లోపలి ప్లాస్టిక్కు బయటపడేదాకా గీకరాదు. ఐ.ఎస్.ఐ. ముద్రకు, పట్టీకి, అంచు రబ్బరుకు, గాలిరంధ్రములకు టేపు అంటించండి. పెన్సిలుతో బొమ్మ గీసుకొని పలుచని పూతలు వేయండి. ఒకటి బాగా ఆరిన తరువాతనే రెండవది. ఆరబెట్టడము నీడలోనే. చివర నీటితో చేసిన వార్నిషు ఒక పూత. అంత చేసినా వానకు, రాపిడికి కొన్నాళ్లకు పెచ్చులూడుతుంది, మళ్లీ వేసుకోవడమే.

నేల రంగు తెలుపో, లేత పసుపో అయితే మంచిది. న్యూజీలండులోని ఆక్లండులో జరిగి 2004లో వెలువడిన ఒక పరిశోధనలో, నల్ల హెల్మెట్టువారి కంటె తెల్ల హెల్మెట్టువారికి దెబ్బలు తగిలే ప్రమాదము 24 శాతము తక్కువగా కనిపించినది. ఏలగిరి కొండదారి 14 మలుపులలో ఎదుటివాడికి ముందుగా కనబడడము చిన్న సంగతి కాదు గదా!

చేయి అలవాటయ్యేందుకు పగిలిన హెల్మెట్టు ఏదైనా ఉంటే మొదట దానిమీద వేయండి. 2020 మార్చిలో చెన్నైలో గౌతమ్ అనే చిత్రకారుడు విరిగిన హెల్మెట్టుకు కాగితములు అంటించి కరోనా క్రిమిని తీర్చగా, పోలీసు ఇన్‌స్పెక్టరు రాజేష్ బాబు దానిని పెట్టుకొని వీధిలో బండ్లను ఆపి జనానికి బుద్ధి చెప్పారు. అది చూపుకు. ఒకసారి గట్టిగా నేలకు కొట్టుకున్న హెల్మెట్టుకు ఎన్ని రంగులు వేసినా లోపలి మెత్త తిరిగి లేవదు. దానిని గోడకు వేలాడదీసుకొని, అబ్బాయికి కొత్తది కొని, బొమ్మ దానిమీద మళ్లీ వేయండి.