సముద్రతీరాన ఒక బేరం

 

పల్నాటివారికి రాయి కొత్త కాదు. నాపరాళ్ళ నడుమ పుట్టి పెరిగినవాళ్ళం. కాని కొండ సముద్రంలోకి చొచ్చుకొనిపోయిన దృశ్యం మనకు అరుదు. మొన్నటి సంక్రాంతి సెలవుల్లో నరసరావుపేట నుండి కుటుంబంతో విశాఖపట్నం వెళ్ళి ఆ దృశ్యాన్ని కన్నులారా చూశాము.

అక్కడ తూర్పు కనుమలు సముద్రపు ఒడ్డు దాకా వచ్చి నిలిచాయి. డాల్ఫిన్స్ నోస్ అనే కొండ అలలకు అడ్డుగా నిలబడగా, 1933లో ప్రారంభమైన ఓడరేవు దాని చాటున ఆశ్రయం పొందింది. తెన్నేటి పార్కు దిగువన రాళ్ళ దగ్గర నిలబడితే అలల హోరులో పక్కవారి మాట వినబడదు. 2020 అక్టోబరులో వాయుగుండం ధాటికి బంగ్లాదేశ్ నౌక ఒకటి అక్కడికే కొట్టుకొనివచ్చింది. సముద్రాన్ని అల్లాహ్ మానవులకు వశపరిచాడని, దాని నుండి తాజా ఆహారాన్ని ప్రసాదించాడని నహ్ల్ సూరాలో చదువుతాము. ఆ ఆహారం మన పళ్ళెంలోకి చేరడానికి కొందరు ప్రాణాలను పణంగా పెడుతున్నారని అక్కడ బోధపడింది.

మరునాడు ఉదయం చేపల రేవుకు వెళ్ళాము. రోజుల తరబడి సముద్రం మీద ఉండి వచ్చిన మరపడవలు సరుకు దింపుతున్నాయి. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు, 61 రోజులు, ఈ పడవలకు వేట నిషేధం. 2023 నవంబరులో ఇదే రేవులో అగ్నిప్రమాదం జరిగి పదుల సంఖ్యలో పడవలు కాలిపోయాయి.

రేవు బయట ఒక వృద్ధురాలు ఎండుచేపలు అమ్ముతోంది. ఇరవై రూపాయల తగ్గింపు కోసం నేను చాలాసేపు బేరమాడాను. చివరికి ఆమె, "సరే, తీసుకెళ్ళు నాయనా" అన్నది. నాలుగడుగులు వేశామో లేదో మా చిన్నమ్మాయి మెల్లగా అడిగింది: "అబ్బాజాన్, కొనేటప్పుడు, అమ్మేటప్పుడు ఉదారంగా ఉండేవాణ్ణి అల్లాహ్ కరుణిస్తాడన్న హదీసు మీరే కదా నేర్పారు?"

నేను మాట్లాడలేకపోయాను. వెనుదిరిగి వెళ్ళేసరికి ఆమె గంప ఎత్తుకొని వెళ్ళిపోయింది. రేవంతా వెదికినా కనిపించలేదు. ఊరికి వచ్చాక ఆ ఇరవై రూపాయలు సదఖా ఇచ్చాను. అయినా అవి ఆమె చేతికి చేరలేదు కదా!

పెద్ద దుకాణాలలో అడిగినంత ఇచ్చి, గంప ముందు కూర్చున్నవారి దగ్గర గీచిగీచి బేరమాడే అలవాటు మనలో చాలామందికి ఉంది. పాఠం చెప్పే నాకూ ఉన్నదని ఆ రోజు తెలిసింది. అల్లాహ్ మనందరికీ ఆచరించే భాగ్యాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.