ఢిల్లీ లేఖ: పాత పుస్తకం, ఐదు మార్కులు

సుప్రీంకోర్టు గడప ఎక్కిన వ్యాజ్యాలలో నదీజలాలున్నవి, రాష్ట్రాల సరిహద్దులున్నవి, ప్రభుత్వాలకు ప్రాణం పోసిన, తీసిన రాజ్యాంగ ప్రకరణాలున్నవి. 2024 జూలైలో పరమాణువు కూడా ఆ గడప ఎక్కినది. ఆ యేడు మే 5న జరిగిన 'నీట్' వైద్య ప్రవేశపరీక్షలో భౌతికశాస్త్ర ప్రశ్న ఒకదానికి రెండు జవాబులను సరియైనవిగా అంగీకరించి పరీక్షా సంస్థ మార్కులిచ్చినది. ప్రశ్నలోనివి రెండే వాక్యాలు. పరమాణువులో ధన, ఋణావేశాలు సమానం గనుక అది విద్యుత్పరంగా తటస్థమైనదని మొదటిది. ప్రతి మూలకపు పరమాణువులూ స్థిరమైనవనీ, తమ ప్రత్యేక వర్ణపటాన్ని వెలువరిస్తాయనీ రెండవది. మొదటిది నిజం. రెండవది నిజం కాదు. రేడియం, యురేనియం సంగతి ఎరిగిన ఏ విద్యార్థి అయినా అది ఒప్పుకొనడు. అయితే ఎన్.సి.ఇ.ఆర్.టి. వారి పాత పుస్తకంలో ఆ రెండవ వాక్యమే ఉన్నది. కొత్త ముద్రణలో దానిని సవరించారు.

న్యాయమూర్తులు తాము భౌతికశాస్త్రవేత్తలము కామని గ్రహించి, ఢిల్లీ ఐ.ఐ.టి. నుండి ముగ్గురు నిపుణుల అభిప్రాయం కోరారు. మరునాటికే జవాబు వచ్చినది: సరియైనది ఒక్కటే, కొత్త పుస్తకం చెప్పినదే. రెండవ జవాబు గుర్తించిన నాలుగు లక్షల మందికి పైగా విద్యార్థులకు వచ్చిన నాలుగు మార్కులు పోయినవి, తప్పుకు శిక్షగా మరొకటి పోయినది. 720కి 720 పొందినవారు 61 మంది నుండి 17 మందికి తగ్గారు.

శాస్త్రం దృష్ట్యా ఈ తీర్పును తప్పుపట్టడానికి వీలులేదు. కాని ఆ పాత పుస్తకం ఎవరి చేతిలో ఉండినదో ఢిల్లీలో ఆలోచించినవారు తక్కువ. నష్టపోయినవారందరూ పాత పుస్తకం చదివినవారని అనను. తొందరపడి దిద్దినవారూ ఉంటారు. అయినా ఈ దేశంలో పేదపిల్లవాడి పుస్తకం కొన్నది కాదు, ఇచ్చినది. అన్న చదివి తమ్మునికి ఇస్తాడు. పరీక్ష గట్టెక్కిన ఎదురింటి అమ్మాయి, అంచులలో పెన్సిలుతో లెక్కలు చేసి పెట్టిన తన పుస్తకాన్ని పక్కింటి పిల్లకు ఇచ్చి పోతుంది. విద్యార్థులు ఒకరికొకరు చేసుకొనే సహాయంలో అన్నిటికన్న పాతది, చవకైనది ఇదే.

ఈ సహాయాన్ని కళ్ళారా చూడదలచినవారికి చాలా సంవత్సరాలు బిహార్‌లోని ససారాం రైల్వే స్టేషన్ చక్కని చోటుగా ఉండినది. ఊళ్ళో కరెంటు వచ్చిపోయేది. ప్లాట్‌ఫారం మీద దీపం మాత్రం ఆరదు. అందువల్ల ఉదయ సాయంకాలాలలో వందలాది యువకులు అక్కడ గుంపులు గుంపులుగా కూర్చుని రైల్వే, బ్యాంకు ఉద్యోగాల పరీక్షలకు చదివేవారు. నెగ్గినవాడు తిరిగి వచ్చి తరువాతి వారికి కటకాలూ, విద్యుత్ వలయాలూ, వేగాల లెక్కలూ చెప్పేవాడు. బాబూ జగ్జీవన్‌రామ్ దశాబ్దాల పాటు ప్రాతినిధ్యం వహించిన నియోజకవర్గమిది. ఆయన రైల్వే మంత్రిగానూ పనిచేశారు. తరువాత ఆయన కుమార్తె ఇక్కడి నుండే గెలిచి లోక్‌సభ స్పీకరయ్యారు. అంతటి ఊరి పిల్లలకు చదువుకొనే చోటు చూపినది చివరకు స్టేషన్ దీపమే.

పాట్నాలో 2002లో ముప్పది మంది పేదపిల్లలను చేరదీసి ఐ.ఐ.టి. పరీక్షకు సిద్ధం చేసిన 'సూపర్ 30' కథ సినిమా వరకు పోయినది. గణితం చెప్పిన ఆనంద్ కుమార్ పేరు అందరికీ తెలుసు. భౌతికశాస్త్రం చెప్పినవారు అభయానంద్ అనే పోలీసు అధికారి. అనంతరం ఆ రాష్ట్రానికి డి.జి.పి. అయ్యారు. గురువులు గొప్పవారే. కాని ఒకే ఈడు పిల్లలు ముప్పదిమందిని ఒకచోట చేర్చి ఒకే లెక్క ఇస్తే, గురువు వెళ్ళిన తరువాత జరిగే చర్చలో సగం చదువు ఉన్నది. మన వైపు విశాలాంధ్ర దుకాణాలలో చవకగా దొరికిన సోవియట్ పుస్తకాలను ఎరిగిన తరానికి ఇది చెప్పనక్కరలేదు. ఇరొడోవ్ లెక్కల పుస్తకాన్ని ఒంటరిగా జయించినవారు అరుదు.

ఒక లెక్క చూడండి. పైకి త్వరణంతో పోయే లిఫ్టు కప్పునుండి కప్పీ వేలాడుతున్నది. దాని తాడు రెండు కొసలకు రెండు వేర్వేరు బరువులు. తాడులో తన్యత ఎంత? ఒకడు నేలమీద నిలిచి చూచినట్లు సమీకరణాలు వ్రాసి పుట నింపుతాడు. రెండవవాడు గురుత్వ త్వరణానికి లిఫ్టు త్వరణం కలిపి ఒక్క పంక్తిలో తేలుస్తాడు. జవాబు ఒకటే. అప్పుడు వెనుకబడినవాడనుకొనే మూడవవాడు అడుగుతాడు: "ఎందుకు కలిపావురా? భూమి ఎక్కువగా లాగలేదు కదా!" రెండవవాడు తడబడతాడు, ఎవరో చెప్పిన కిటుకు గనుక పట్టుకున్నాడు. లిఫ్టులో నిలిచి చూచేవానికే ఆ అదనపు బలం తోస్తుందని ముగ్గురూ తేల్చుకొనేసరికి గంట గడుస్తుంది. ఆ గంటలో ఎక్కువ లాభపడినది రెండవవాడు.

ఈ గంటకు నేటి పరీక్షలో విలువ కట్టరు. ఐ.ఐ.టి. ప్రవేశపరీక్ష 2006లో పూర్తిగా బహుళైచ్ఛిక ప్రశ్నల పద్ధతికి మారినది. అంతకు ముందు విద్యార్థి వ్రాసిన పద్ధతిని కూడా పరీక్షకుడు చదివేవాడు. ఇప్పుడు తుది జవాబే సాక్ష్యం. లక్షలాది మందిని దిద్దడానికి వేరే మార్గం లేదంటారు, అందులో నిజం లేకపోలేదు.

తోటివానికి చెబితే మన ర్యాంకు పోతుందనే భయం మరొకటి. లెక్క వేద్దాం. 2024లో నీట్ వ్రాసినవారు 23 లక్షలకు పైగా, ఎం.బి.బి.ఎస్. సీట్లు సుమారు 1,08,000, అందులో ప్రభుత్వ కళాశాలలవి 56,000. నలుగురు మిత్రులు ఒకరికొకరు చెప్పుకొంటే మిగిలిన ముగ్గురి వల్ల ఒక్కొక్కరు జారేది మహా అయితే మూడు స్థానాలు. ఒక ప్రశ్న అదనంగా తెలిసిరావడం వల్ల ఎక్కేది వేల స్థానాలు. గది పంచుకొన్నవాడే శత్రువని పిల్లలకు నేర్పినవారు కోచింగు వ్యాపారులే గాని అంకెలు కావు.

మన రెండు రాష్ట్రాల కార్పొరేట్ జూనియర్ కళాశాలలు ఈ విద్యలో ఇంకొక అడుగు ముందుకు వేసినవి. వారపు పరీక్ష మార్కులను బట్టి సెక్షన్లు మార్చే పద్ధతిలో తెలిసినవాడూ తెలియనివాడూ ఒక గదిలో కూర్చోరు. పై లెక్కలోని మూడవవాడు క్రింది సెక్షనుకు పోతాడు. ఎందుకు కలిపావని రెండవవానిని అడిగేవాడు ఉండడు.

సహాయమంటే కాపీ అని ముఖం చిట్లించే అధికారులు ఢిల్లీలో తక్కువ కాదు. ఆ యేడు హజారీబాగ్, పాట్నాలలో ప్రశ్నపత్రం వెల్లడి అయినదనుటలో వివాదం లేదని సుప్రీంకోర్టే చెప్పినది. అది అమ్మకం. వ్యవస్థీకృతంగా అట్టి నేరాలు చేసేవారికి పదేళ్ళ వరకు జైలు, కోటి రూపాయలకు తగ్గని జరిమానా విధించే చట్టం 2024 జూన్ 21న అమలులోకి వచ్చినది, మంచిదే. దొంగతనాన్ని అరికట్టే చట్టం చేసిన వేగంతో, దొంగతనం చేయని పిల్లలు కూర్చునే చోటు గురించి ఏమి చేశారు?

అలాంటి చోటు ఈ నగరం ఎరుగనిది కాదు. 1951లో యునెస్కో సహాయంతో ఢిల్లీ పబ్లిక్ లైబ్రరీని పాత ఢిల్లీ రైల్వే స్టేషన్ ఎదుటనే తెరిచారు; నెహ్రూ దానిని ప్రారంభించారు. ఆ సంప్రదాయం పెరగలేదు. చదువుకొనే కుర్చీని కూడా నెల అద్దెకు తీసుకొనే స్థితికి విద్యార్థులు వచ్చారు. 2024 జూలై 27న, అంటే నీట్ సవరించిన ఫలితాలు వెలువడిన మరునాడే, పాత రాజేంద్రనగర్‌లో ఒక కోచింగు సంస్థ నేలమాళిగలో నడిచిన పఠనాగారంలోకి వాననీరు చొచ్చుకొని వచ్చి, సివిల్ సర్వీసు పరీక్షకు చదువుకొంటున్న ముగ్గురు ప్రాణాలు కోల్పోయారు.

కేంద్ర విద్యాశాఖ చేతిలో 1,200కు పైగా కేంద్రీయ విద్యాలయాలున్నవి. వాటికి గోడలున్నవి, దీపాలున్నవి, నల్లబల్లలున్నవి. సాయంకాలం ఆరు నుండి తొమ్మిది వరకు, అక్కడ చదివే పిల్లలకే గాక ఊరి పిల్లలకు కూడా కొన్ని గదులు తెరచి, ఒక కాపలాదారుని, కొత్త ముద్రణ పాఠ్యపుస్తకాలు పది ప్రతులను అక్కడ ఉంచడానికి ఏ రాష్ట్ర ప్రభుత్వ అంగీకారమూ అవసరం లేదు, పార్లమెంటులో బిల్లూ అక్కరలేదు. విద్యాశాఖ నుండి ఒక సర్క్యులర్ చాలును.