సూరత్ స్వర్ణం నుంచి లక్నో టైటిల్ వరకు: గాయత్రి ప్రస్థానం చెబుతున్న డబుల్స్ పాఠం

ఏడేళ్ల విరామం తర్వాత 2022లో గుజరాత్ ఆతిథ్యమిచ్చిన 36వ జాతీయ క్రీడల్లో బ్యాడ్మింటన్ పోటీలకు సూరత్ వేదికైంది. అక్టోబరు తొలి వారంలో పండిట్ దీన్‌దయాళ్ ఉపాధ్యాయ ఇండోర్ స్టేడియంలో జరిగిన మిశ్రమ జట్ల ఫైనల్లో తెలంగాణ 3-0తో కేరళను ఓడించి స్వర్ణం గెలుచుకుంది. మహిళల డబుల్స్‌లో అనుభవజ్ఞురాలైన సిక్కి రెడ్డితో కలిసి ఆడిన గాయత్రి గోపీచంద్ తెలంగాణకు మరో స్వర్ణం అందించారు. అప్పటికి ఆమె వయసు 19 ఏళ్లు.

ఆ విజయాల వెనుక ఒక విశేషం ఉంది. అంతర్జాతీయ పోటీల్లో గాయత్రికి జోడీగా ఆడే ట్రీసా జాలీ సూరత్‌లో ప్రత్యర్థి జట్టైన కేరళకు ప్రాతినిధ్యం వహించారు. అంతకు రెండు నెలల క్రితమే బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో ఈ ఇద్దరూ కలిసి దేశానికి కాంస్య పతకం తెచ్చారు. దేశం కోసం ఒకే వైపు నిలిచినవారు రాష్ట్రాల కోసం చెరో వైపు నిలవవలసి రావడం జాతీయ క్రీడల స్వభావం. అయితే డబుల్స్ క్రీడాకారుల జీవితంలోని మౌలికమైన ప్రశ్నను సూరత్ కళ్లకు కట్టింది: ఇక్కడ విజయం ఒక వ్యక్తిదా, జంటదా?

గాయత్రి తండ్రి పుల్లెల గోపీచంద్ 2001 ఆల్ ఇంగ్లండ్ విజేత. తల్లి పి.వి.వి. లక్ష్మి 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో ఆడారు. ఇద్దరి కీర్తీ సింగిల్స్ ద్వారా వచ్చిందే. గాయత్రి కూడా మొదట ఆ బాటలోనే నడిచారు. 2019లో నేపాల్‌లో జరిగిన దక్షిణాసియా క్రీడల సింగిల్స్‌లో రజతం సాధించారు. 2021లో హైదరాబాద్‌లోని గోపీచంద్ అకాడమీలో, కన్నూర్ జిల్లా నుంచి వచ్చిన ట్రీసాతో జోడీ కుదరడం ఆమె ప్రస్థానాన్ని మలుపు తిప్పింది.

ఫలితం త్వరగానే కనిపించింది. 2022 మార్చిలో రిజర్వు జాబితా నుంచి ఆల్ ఇంగ్లండ్‌లో అడుగుపెట్టిన ఈ జంట, క్వార్టర్ ఫైనల్లో రెండో సీడ్ దక్షిణ కొరియా జోడీని ఓడించి సెమీఫైనల్ చేరింది. మరుసటి ఏడాది కూడా అదే దశకు చేరి, తొలి ఫలితం కాకతాళీయం కాదని నిరూపించింది. వెనుక కోర్టు నుంచి ట్రీసా బలమైన స్మాష్‌లతో దాడి చేస్తే, నెట్ వద్ద గాయత్రి ప్రత్యర్థి జవాబును ముందే పసిగట్టి షటిల్‌ను అడ్డగిస్తారు. ఒకరి ఆట మరొకరికి అవకాశం కల్పిస్తుంది. ఈ పొందిక ఏళ్ల తరబడి కలిసి సాధన చేస్తేనే అబ్బుతుంది.

ర్యాంకింగ్ విధానం కూడా ఇదే సూత్రంపై నడుస్తుంది. డబుల్స్‌లో పాయింట్లు జంట పేరిట నమోదవుతాయి. భాగస్వామి మారితే కొత్త జంట దాదాపు మొదటి మెట్టు నుంచి ప్రారంభించాలి. ఒకరు గాయపడితే రెండో క్రీడాకారిణి పురోగతీ ఆగిపోతుంది. ఒలింపిక్ అర్హత నిబంధన మరింత కఠినమైనది. ప్రపంచ ర్యాంకింగ్‌లో తొలి ఎనిమిది స్థానాల్లో ఒకే దేశానికి చెందిన రెండు జంటలు ఉంటేనే రెండింటికీ చోటు దక్కుతుంది. లేకుంటే ఒక్క జంటకే అవకాశం. 2024 పారిస్ క్రీడల్లో భారత్‌కు లభించిన ఆ ఒక్క స్థానం అశ్వినీ పొన్నప్ప, తనీషా క్రాస్టో జంటకు దక్కింది. అదే ఏడాది ఫిబ్రవరిలో మలేసియాలో భారత మహిళల జట్టు తొలిసారి ఆసియా టీమ్ ఛాంపియన్‌షిప్ గెలవడంలో తమ వంతు పాత్ర పోషించిన గాయత్రి, ట్రీసా పారిస్‌కు దూరమయ్యారు.

ఆ నిరాశ నుంచి వారు కోలుకున్న తీరు గమనించదగినది. 2024 జూన్‌లో సింగపూర్ ఓపెన్ సెమీఫైనల్ చేరారు. డిసెంబరు 1న లక్నోలో సయ్యద్ మోదీ అంతర్జాతీయ టోర్నీ ఫైనల్లో చైనా జోడీని ఓడించి విజేతలయ్యారు. ఆ నెలలోనే హాంగ్‌ఝౌ వరల్డ్ టూర్ ఫైనల్స్‌లో భారత్ తరఫున బరిలో దిగిన ఏకైక జంటగా నిలిచారు. మరుసటి ఏడాది ప్రపంచ ర్యాంకింగ్‌లో తొలి పది స్థానాల్లోకి ప్రవేశించారు. ఆ తర్వాత గాయత్రి గాయంతో కొన్ని నెలలు ఆటకు దూరం కావడం జోడీకి పరీక్షగా మారింది. అయినా 2025 నవంబరులో లక్నోలో తొలి గేమ్ కోల్పోయి కూడా జపాన్ జంటపై నెగ్గి టైటిల్‌ను నిలబెట్టుకున్నారు.

తెలుగు నేలకు డబుల్స్ వారసత్వం కొత్త కాదు. హైదరాబాద్‌కు చెందిన గుత్తా జ్వాల 2011లో అశ్వినీ పొన్నప్పతో కలిసి ప్రపంచ ఛాంపియన్‌షిప్ కాంస్యం గెలిచారు. అమలాపురం యువకుడు సాత్విక్ సాయిరాజ్, ముంబయికి చెందిన చిరాగ్ శెట్టితో కలిసి 2023 ఆసియా క్రీడల స్వర్ణం సాధించారు. ఈ మూడు ఉదాహరణల్లోనూ తెలుగు క్రీడాకారులకు జోడీలు ఇతర రాష్ట్రాల నుంచే లభించారు. అందుకే ప్రతిభను వెలికితీసే బాధ్యత రాష్ట్రాలదైనా, జంటలను తీర్చిదిద్దే బాధ్యత జాతీయ స్థాయిలోనే నెరవేరాలి. సింగిల్స్‌లో రాణించనివారికి ప్రత్యామ్నాయంగా డబుల్స్‌ను చూసే ధోరణి పోవాలి. చిన్న వయసులోనే అభిరుచిని గుర్తించి ప్రత్యేక శిక్షకులను, ఫిజియోథెరపీ సేవలను అందుబాటులోకి తేవాలి.

2028 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్ నాటికి గాయత్రి, ట్రీసా ఇద్దరికీ 25 ఏళ్లు నిండుతాయి. అనుభవం, శారీరక దారుఢ్యం సమపాళ్లలో ఉండే వయసది. గాయాలను అదుపులో ఉంచుకుని, ఎంచుకున్న టోర్నీలలో నిలకడగా రాణిస్తే, పారిస్‌లో చేజారిన అవకాశం వారికి తప్పక అందుబాటులో ఉంటుంది. సూరత్‌లో ప్రత్యర్థి జట్లలో నిలిచిన ఈ ఇద్దరినీ ఒకే వైపు, ఆరోగ్యంగా నిలిపి ఉంచడమే రానున్న రెండేళ్లలో భారత బ్యాడ్మింటన్ ముందున్న కర్తవ్యం.