ఎవరినో ఒకరిని పట్టుకుంటే చాలా?

బాంబు పేలిన మర్నాడు జనం అడిగేవి రెండే: ఎవరినైనా వెంటనే పట్టుకోండి, చట్టాన్ని ఇంకా బిగించండి. ఆ కోపంలో తప్పేమీ లేదు. అయితే దానికి జడిసి యంత్రాంగం తొందరపడితే ఏమవుతుందో హైదరాబాద్‌కు బాగా తెలుసు. 2007 మే 18న మక్కా మసీదులో శుక్రవారం ప్రార్థనల వేళ బాంబు పేలి తొమ్మిది మంది చనిపోయారు. ఆ వెంటనే రేగిన అల్లర్లలో పోలీసు కాల్పులకు మరో ఐదుగురు బలయ్యారు. అనుమానం పాతబస్తీ ముస్లిం యువకుల మీద పడింది. పదుల సంఖ్యలో పట్టుకెళ్లారు, చిత్రహింసలు పెట్టారని వాళ్లు చెప్పారు, కేసులు మాత్రం కోర్టులో నిలవలేదు. చివరికి వాళ్లకు రాష్ట్ర ప్రభుత్వమే పరిహారం ఇవ్వాల్సి వచ్చింది. దాన్నీ తర్వాత హైకోర్టు కొట్టేసింది, అది వేరే కథ. ఈలోగా దర్యాప్తు సీబీఐకి, ఆపైన ఎన్ఐఏకి వెళ్లి హిందూ అతివాదుల వైపు తిరిగింది. 2018 ఏప్రిల్ 16న ఎన్ఐఏ కోర్టు, విచారణ ఎదుర్కొన్న ఐదుగురినీ నిర్దోషులుగా విడిచిపెట్టింది. ఆ బాంబు పెట్టిందెవరో నేటికీ రుజువు కాలేదు.

కఠిన చట్టం ఉంటే ఇలా జరిగేది కాదంటారు. కానీ పదేళ్లు నడిచిన టాడా అనే ఉగ్రవాద నిరోధక చట్టం కింద వేలాది మందిని అరెస్టు చేస్తే నూటికి ఇద్దరికి కూడా శిక్ష పడలేదు. 2002లో గుజరాత్‌లోని అక్షర్‌ధామ్ ఆలయం మీద దాడి జరిగితే, ఆ తర్వాత వచ్చిన అలాంటి చట్టమే అయిన పోటా కింద ఆరుగురికి శిక్షలు వేశారు, అందులో మరణశిక్షలూ ఉన్నాయి. 2014లో సుప్రీంకోర్టు ఆరుగురినీ నిర్దోషులని తేల్చి, దర్యాప్తు తీరును గట్టిగా తప్పుపట్టింది. ఇందుకు భిన్నంగా, హైదరాబాద్‌లోనే దిల్‌సుఖ్‌నగర్ సంగతి చూడండి. 2013 ఫిబ్రవరి 21న సైకిళ్ల మీద పెట్టిన రెండు బాంబులు పేలాయి. ఎన్ఐఏ ఆధారాలు కూడగట్టింది, 2016లో ఇండియన్ ముజాహిదీన్‌కు చెందిన యాసిన్ భత్కల్ సహా ఐదుగురికి మరణశిక్ష పడింది, 2025లో తెలంగాణ హైకోర్టు దాన్ని ఖరారు చేసింది. పన్నెండేళ్లు ఆలస్యమే, కాదనను. కానీ ఈ కేసు పై కోర్టులోనూ నిలబడింది.

రుజువుల కోసం కూర్చుంటే ఈలోగా ఇంకో బాంబు పేలదా అన్న ప్రశ్న తేలిగ్గా తీసేయదగ్గది కాదు. మక్కా మసీదు ఘటన జరిగిన మూడు నెలలకే, 2007 ఆగస్టు 25న హైదరాబాద్‌లోనే లుంబినీ పార్కు, గోకుల్ చాట్ పేలుళ్లలో నలభైకి పైగా ప్రాణాలు పోయాయి. అయితే పేలుడును ముందే ఆపేది ముందస్తు సమాచారం, అది చాలాసార్లు వీధిలోంచే రావాలి. కొడుకును అన్యాయంగా లాక్కెళ్లిన వీధిలో ఏ తల్లి పోలీసులకు నోరు విప్పుతుంది? హక్కులంటూ ఉగ్రవాదులను వెనకేసుకొస్తున్నారని మరో నింద. మక్కా మసీదు మృతుల కుటుంబాలకు ఆ తొందరపాటు వల్ల ఒరిగిందేమిటో ఆ నింద వేసేవారే చెప్పాలి. ఈసారి ఎవరైనా నాయకుడు ఇన్ని అరెస్టులు చేశామని చెప్పుకుంటే, వాటిలో ఎన్ని కోర్టులో నిలిచాయని అడగండి.